రెండు వేళ్ళు

యంగ్స్‌టౌన్,
నవంబరు 1972

రేమండ్, నువ్వు అబద్ధమాడావు. ఆడి, అదేదో ఘనకార్యమైనట్టు నవ్వుతూ నాకే రాశావు.

దీవెనలు తరవాత. ఇక్కడ అందరం క్షేమమని ప్రతి ఉత్తరంలోనూ రాస్తూ వచ్చాను. ఈసారి ఆ మాట కలం దిగి రావడం లేదు.

నీ ఆట నాన్న చూశాడా అని అడిగావు. చూశాడు. టీవీలో నువ్వు పడిపోయి లేవకపోయేసరికి, కుర్చీలోంచి లేచి, ఒక చేయి నేలకానించి, తన ఆట రోజుల్లోలా ఎదుటివాడి మీదికి దూకబోయేవాడిలా వంగాడు. ఆట అయిపోయింది, వార్తలొచ్చాయి. ఆయన అలా వంగే ఉన్నాడు.

"తల తిరుగుతోందేమోనని వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే, నాన్న నేర్పినట్టు చూడకుండానే రెండన్నాను, మళ్ళీ ఆడనిచ్చారు" అని రాశావు. ఆ జోకు పుట్టింది నాన్న తలలు ఢీకొట్టుకునే ఈ ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో. వాళ్ళ జట్టుకు కట్లు కట్టే ముసలి గస్ కుడిచేతి వేళ్ళు మూడింటిని ఉక్కు మిల్లు తినేసింది. దెబ్బ తిన్నవాడికి ఆ చేయే ఎత్తి చూపి వేళ్ళెన్నని అడిగేవాడు. "ఒరే ఎమిల్, కళ్ళు కనబడకపోయినా రెండనరా. గస్ దగ్గర మూడోది ఎక్కడేడిసింది?" అని తోటివాళ్ళు మన వంటింట్లో పగలబడి నవ్వేవారు. తల అదిరిన ప్రతివాడూ రెండన్నాడు. ప్రతివాణ్ణీ మళ్ళీ మైదానంలోకి తోశారు. జట్టు యజమానులకు కావలసింది జవాబే, వాడి చూపుతో వాళ్ళకేం పని? దానికి మగతనమని పేరు పెట్టారు, ఊరంతా చప్పట్లు కొట్టింది.

మీ జట్టులో కట్లు కట్టేవాడికి పది వేళ్ళూ ఉన్నాయి కదా. ఎన్ని చూపించాడు? నీకు తెలుసా?

ఇన్నాళ్ళూ దాచింది ఇప్పుడు చెప్తాను. వేసవి నుంచి నాన్న మన దుకాణానికి వెళ్ళడం లేదు. మొన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఇది ఏ సంవత్సరం, ఎమిల్ గారూ?"

"రెండు."

డాక్టరు నవ్వాడు. "సరేలెండి, మీ ఆవిడ పేరు?"

నా చేయి ఆయన చేతిలోనే ఉంది.

"రెండన్నాగా. బాగానే ఉన్నానయ్యా, నన్ను మైదానంలోకి పంపు."

డాక్టరు మళ్ళీ నవ్వలేదు.

నాకు కావలసినవి ఇవి:

ఈ ఆదివారం ఆడవద్దు.

జట్టు జీతం తీసుకోని డాక్టరుకు తల చూపించుకో.

కనబడకపోతే కనబడలేదని చెప్పు. నీ పక్క ఆటగాడి చేతా అలాగే నిజం చెప్పించు.

జవాబు నువ్వే రాయి. అక్షరాలు వంకరపోతే పోనీ, ఇంకొకరి చేత కుదురుగా రాయించి పంపవద్దు.

ఇట్లు,
కోపం తగ్గని మీ అమ్మ,
ఐరీన్