ఐదో కాపీలో లేని పేజీ

లైబ్రేరియన్ గారికి నమస్కారం.

మట్టిలో ఉప్పు గురించిన థీసిస్ ఐదో కాపీలో ముందు పేజీ ఒకటి లేదని కబురు పెట్టారు. నిజమేనండి. కానీ అది పరాకున జరిగింది కాదు.

ముప్పై ఏళ్ళుగా యూనివర్సిటీ థీసిస్‌లన్నిటికీ అట్టలు కట్టింది నేనే. చీమల నడక, పాత నాణేలు, పిల్లల నత్తి, భూకంపాలు, ఒకటేమిటి! లోపలి సంగతి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కృతజ్ఞతల పేజీ మాత్రం ప్రతిదీ చదువుతాను. ఎంత చదువుకున్నవాళ్ళయినా అక్కడ మామూలు మనుషుల్లా మాట్లాడతారు.

ఈ థీసిస్ మా అమ్మాయిది. గొప్పలు పోతున్నాననుకుంటారని మీకు చెప్పలేదు. కృతజ్ఞతల్లో, "కాగితం నలగకుండా పట్టుకోవడం నేర్పిన మా నాన్నకి" అని రాసింది. ఇంట్లో ఒక్క మాటైనా అనలేదు, గడుసుపిల్ల! రెండుసార్లు చదువుకున్నాను. ఆ పేజీ తీసి జేబులో పెట్టుకున్నాను.

మళ్ళీ అచ్చు వేయించాను. రేపు పొద్దున్నే వచ్చి అతికిస్తాను. పాతది మాత్రం అడగకండి. వాళ్ళకీ వీళ్ళకీ చూపించగా చూపించగా బాగా నలిగిపోయింది.

ఇట్లు,
మీ బైండరు