మనవరాలి ఉయ్యాల దగ్గర తంగ్‌ఖుల్ పాట

రేపల్లె, 14-2-71, ఆదివారం రాత్రి

ఈ రోజు నా మనవరాలిని ఉయ్యాలలో వేశాం పరలోకపు తండ్రీ, సంతోషం పట్టలేకపోతున్నాను. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక కోడలు పాట ఎత్తుకోబోతే మా అన్నయ్య అడ్డొచ్చాడు. "తెలుగులో పాడమనరా. ఆ మణిపూర్ కొండల భాష చెవిన పడితే పిల్లకి మన మాటలు పట్టుబడవు. దేవుడికైనా అర్థం కావాలి కదా" అన్నాడు.

"ఆయనకి నీ తెలుగొక్కటే వచ్చనుకున్నావా అన్నయ్యా" అన్నాను. అందరూ నవ్వారు. అన్నయ్య కండువా దులుపుకున్నాడు.

వాళ్ల తంగ్‌ఖుల్‌లో ఊరికో మాటట, పక్క ఊరిది కూడా అర్థం కాదట. కోడలు మెల్లగా అడిగింది. "మావైపు చర్చిల్లో అందరూ పాడే ఉఖ్రూల్ ఊరి మాటలో పాడనా మావయ్యగారూ, మా ఊరి మాటలోనా?"

"మీ అమ్మ నీకు ఏ మాటలో పాడిందో అందులోనే పాడమ్మా" అన్నాను. పాడింది. నా బంగారుతల్లి కళ్లు విప్పుకుని విన్నది.

కానీ ఈ ఊళ్లో ఆ మాట ఇంకెవరికొచ్చు? మావాడు కూడా కోడలితో హిందీతోనే నెట్టుకొస్తాడు. రేపు పిల్ల బడికెళ్తే కోడలు ఎవరితో... అందుకే నాకూ నేర్పమన్నాను. పళ్లూడిన నోరు తిరుగుతుందా అంటాడు అన్నయ్య. అననీ. ఆయన ముందే కూర్చుని నేర్చుకుంటాను.