ఉత్తరం దిక్కు దిండు

డిసెంబర్ 19, గురువారం. జగిత్యాల

వ్యాన్ తయారైంది. వెనక సీట్లు పీకేయించి ప్లైవుడ్ బెడ్ బిగించిన. రేపు గొల్లపల్లి, ఎల్లుండి కోరుట్ల, ఆ తర్వాత సిరిసిల్ల దిక్కు.

పెండ్లయి ఇరవై ఆరేండ్లు. సునంద అడిగింది ఇదొక్కటే: ఎటన్న పోదాం, ఎవ్వలింట్ల దిగొద్దు. దిగితే ఏమైతది? నేను హాల్ల కూసొని కులం మీద, మతం మీద లెక్చర్ ఇస్త. ఆమెను పది నిమిషాలల్ల వంటింట్లకు గుంజుకపోతరు. నాకు వంటిల్లు లేని ఇల్లు కావాలె అన్నది. ఇగో, తెచ్చిన.

షరతు పెట్టింది. మూడు రాత్రులు. ఒక్క రాత్రన్న మంచిగ నిద్రపట్టాలె, లేకుంటే నాలుగో పొద్దు బస్సెక్కి ఇంటికి పోత, వ్యాన్ అమ్ముకో అన్నది. ఆమెకు మెడనొప్పి ఉన్నది. నాకు నమ్మకం ఉన్నది.

డిసెంబర్ 21, శనివారం, పొద్దున. గొల్లపల్లి

నిన్న సునంద తమ్ముడు సురేందర్ మామిడితోటల ఆగినం. రాంగనే వ్యాన్ ముందల నిమ్మకాయ, మిరపకాయలు కట్టిండు. తెంపి పారేసిన. అంతల వెనక డోర్ కాడ దిండ్లు చూసిండు. ఏంది బావా, పీనుగును పండవెట్టినట్టు ఉత్తరం దిక్కు తల, గటు తిప్పి పండుకోరాదు అన్నడు.

గంటసేపు వాయించిన. బీటెక్ చదివి సిగ్గులేదా అన్న. ఇగ ఏడ ఆపినా వ్యాన్ వెనక డోర్ ఉత్తరం దిక్కే, ఆ దిండు కదిలేది లేదు. ఇది దిండు కాదు, ప్రిన్సిపుల్.

రాత్రంత తల కిందికి, కాళ్లు మీదికి. పొద్దుగాల సునంద ముఖం ఉబ్బి ఉన్నది, ముక్కు మూసుకపోయింది. నేను పారేసిన నిమ్మకాయను ఏరుకొచ్చి బెడ్ నడుమ పెట్టింది. అది సక్కగ దొర్లుకుంట పోయి నా దిండుకు తాకింది. ఆమె నవ్వింది.

ఒక రాత్రి పోయింది.

డిసెంబర్ 21, సాయంత్రం. కోరుట్ల

భయమెందుకు, సైన్స్ ఉన్నదిగ. తల దిక్కు పల్లం ఉంటే ఆ దిక్కు టైర్లు లేపాలె. గంతే.

నిజాముద్దీన్ ప్లాటుల ఆపిన. మేస్త్రి, యూనియన్ కాలం దోస్తు, మస్కట్ల పదేండ్లు చేసొచ్చిండు. లెవెల్ పైపుల నీళ్లు నింపి, ఒక కొస నాకిచ్చి వ్యాన్ చుట్టు తిరిగిండు. వెనక నాలుగు ఇంచులు డౌన్ అన్నడు. సెంట్రింగ్ చెక్కలు తెచ్చిండు. వెనక టైర్ల కింద రెండేసి పేర్చు, మీదికి ఎక్కించి హ్యాండ్‌బ్రేక్ గుంజు, ముందు టైర్లకు రాళ్లు పెట్టు, మూడో చెక్క మాత్రం వద్దు, జారుతది అన్నడు. మిగిలిన వాలుకు దిండ్లు అటు మార్చు జగపతన్నా, అయిపాయె అన్నడు.

నువ్వు గూడనా అన్న. మాకు దిక్కు నమాజుకే అన్నా, నిద్రకు లెవెల్ సాలు అని నవ్విండు.

మూడోది పెట్టిన.

డిసెంబర్ 22, ఆదివారం, తెల్లారగట్ల 4

మూడో చెక్క జారింది.

అదే రోజు, 9 గంటలకు

వ్యాన్ ఒక పక్కకు ఒరిగి సునంద డోర్‌కు గుద్దుకున్నది. మెడ తిప్పలేకపోతున్నది.

నిజాముద్దీన్ చాయ్ తెచ్చి అసలు సంగతి చెప్పిండు. ఈ ప్లాటు అమ్మినాయన మట్టి పోయించి ఈశాన్యానికి వాలు పెట్టించిండట. వాస్తు! సురేందర్ తోట చదును చేసింది గూడ నిజాముద్దీనేనట, అదీ గట్లనే. ఇన్నేండ్ల పనిల దక్షిణానికి వాలు పెట్టుమన్నోడు ఒక్కడు దొరకలే, నువ్వేడ ఆపినా ఉత్తరమే పల్లం అన్నా అన్నడు.

నాకు మండింది. మూఢనమ్మకం బుర్రలల్ల ఉంటదనుకున్న. వీళ్లు దాన్ని మట్టిల పోసి రోలర్‌తోని తొక్కిచ్చిన్రు. భూమినే వంచిన్రు! నోట్‌బుక్ తీసి వ్యాసం మొదలుపెట్టిన. రెండు పేజీలు ఉరికింది.

తలెత్తి చూస్తే సునంద బ్యాగు సదురుతున్నది. వాళ్లు భూమిని వంచిన్రు సరే, నువ్వు నా మెడను వంచుతున్నవు అన్నది. చుట్టాలిండ్లల్ల వంటింట్ల ఏసిన్రు, ఈడ నీ వాదనల ఏసినవు, నేను పండుకునే జాగ ఏది అన్నది. గొంతు గూడ లేపలే.

నోట్‌బుక్ మూసిన. 

ఇంకో రాత్రి ఉన్నదిగ అన్న. బ్యాగు ఒళ్లె పెట్టుకొని ముందు సీట్ల కూసున్నది.

డిసెంబర్ 22, సాయంత్రం. చందుర్తి

ప్రకాశ్ అని ఒక రైతు, వడ్లు ఆరబోసుకునే సిమెంటు కల్లంల ఆపుకోమన్నడు. నిమ్మకాయ పెట్టి చూసిన. ఉత్తరానికే దొర్లింది. ఇంకెటు పోతది.

రెండు చెక్కలు. రాళ్లు. హ్యాండ్‌బ్రేక్. మూడోది ముట్టలే. తర్వాత లోపలికి పోయి, ఎవ్వలన్న చూస్తున్నరా అని అటిటు చూసి, దిండ్లు రెండు డ్రైవర్ సీటు దిక్కు మార్చిన. తల దక్షిణం. సురేందర్‌కు తెలిస్తే ఫ్యామిలీ గ్రూపుల పెడతడు. పెట్టుకోని. నేను ఓడలే. వాడు దిక్కును చూసి తిప్పుమన్నడు, నేను ఆమె మెడను చూసి తిప్పిన. ఈ రెండ్రోజులు మాత్రం వాడు, నేను, ఇద్దరం ఆ దిక్కుకే మొక్కినం. ఇది వ్యాసంల రాయాలె. మొదటి పేరాలనే.

డిసెంబర్ 23, సోమవారం. 8.40

నిమ్మకాయ సునంద కాళ్ల కాడ ఉన్నది. మొదటి బస్సు పోయింది. రెండోది గూడ పోయింది. చాయ్ పెట్టిన, చల్లారింది. మళ్ల పెట్టిన.

లేపను.