కీర్తిశేషులు ఎనాక్ గారి పద్యాలు

స్కిప్టన్, ఫిబ్రవరి 1819

లండన్‌లో పుస్తకాలు అచ్చువేసే హార్బటిల్ గారికి, ముఖపరిచయం లేని ప్రూడెన్స్ గార్‌సైడ్ వందనాలు.

ఇవి మా తమ్ముడు ఎనాక్ పద్యాలు. ఐదేళ్ల క్రితం వాడి మొదటి పుస్తకం వచ్చినప్పుడు పెండర్ అనే విమర్శకుడు "ఈయన పద్యాలు మాని గొర్రెలు కాసుకుంటే దేశానికి మంచిది" అని పత్రికలో రాశాడు. ఆ మాటతో మావాడు కలం కింద పెట్టేశాడు. అంతే, మళ్లీ ముట్టలేదు. దాని మీద దుమ్ము నేనే దులుపుతుంటాను. సొరుగులో దొరికినవన్నీ నకలు రాసి పంపుతున్నాను. ఎవరైనా ఒక్కరు బాగున్నాయంటే నా ప్రాణం కుదుటపడుతుంది.

వాడి పేరున మాత్రం ఉత్తరం రాయకండి. ఏదైనా నాకే రాయండి.

ఇట్లు,
ప్రూడెన్స్

తా.క. పెండర్ మీ స్నేహితుడైతే పై మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. కాకపోతే మరో నాలుగు కలుపుకోండి.

*

లండన్, మార్చి

అమ్మా ప్రూడెన్స్ గారూ,

మీ ఉత్తరం మీద లక్క ముద్ర చూడగానే నాకంతా అర్థమైంది. మీరింకేమీ వివరించనక్కర్లేదు. పద్యాలు చదివి మా గుమాస్తాలు కూడా కళ్లు తుడుచుకున్నారు. వెంటనే అచ్చు వేస్తున్నాను. ముందుమాట నేనే రాస్తాను. ఆ పెండర్ చేసిన పాపం లోకానికి తెలియాలి!

మీ బాధను పంచుకునే,
సైలస్ హార్బటిల్

తా.క. అడగడానికి నోరు రావడం లేదు గానీ, ఆయనకు దగ్గు ఉండేదా? ఒక జుట్టుపాయ కూడా పంపితే మహాభాగ్యం.

*

స్కిప్టన్, మార్చి

హార్బటిల్ గారికి వేయి నమస్కారాలు.

మా నాన్న ఉన్ని వ్యాపారం చేసిన రోజుల్లోది ఆ పొట్టేలు ముద్ర. లండన్‌లో ఇంకా గుర్తుపడతారంటే నా ఒళ్లు పులకరించింది. దగ్గంటారా? చలికాలం వస్తే ఇల్లు అదిరిపోయేది.

ఇట్లు,
ప్రూడెన్స్

తా.క. జుట్టు పంపుతున్నాను. వెనకవైపు నుంచి తీశాను. ముందు తీయడానికి అంత లేదు.

*

లండన్, మే

అమ్మా,

విజయం! "కీర్తిశేషులు ఎనాక్ గార్‌సైడ్ చివరి పద్యాలు" కోసం మా కొట్టు ముందు జనం తోసుకుంటున్నారు. బతికున్నవాళ్లను చీల్చి చెండాడే పత్రికలన్నీ ఈయన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఇంకో వింత వినండి. పెండర్ మారిపోయాడు! "ఆ కవిని చంపింది నా కలమే" అని పత్రికలో ఏడ్చాడు. మీ తమ్ముడి సమాధి దగ్గర మోకరిల్లి క్షమాపణ అడగడానికి గురువారం మీ ఊరికి వస్తున్నాడు.

మీ,
హార్బటిల్

తా.క. సమాధి మీద రాయి ఇంకా వేయకపోతే తొందరగా వేయించండి.

*

స్కిప్టన్, మే

హార్బటిల్ గారూ,

మీకు బుద్ధుందా? మా తమ్ముడు బతికే ఉన్నాడు! ఇప్పుడే రెండోసారి జావ వడ్డించుకున్నాడు. చావు జరిగిన ఇంటివాళ్లు నల్ల లక్కతో ముద్ర వేస్తారని నాకూ తెలుసు. ఎర్ర లక్క ఎనాక్ గదిలో ఉంది. వాడికి తెలియకుండా పంపాలన్న కంగారులో నాన్న పోయినప్పటి నల్ల ముక్కతో అంటించేశాను. రంగు చూసుకునే స్థిమితం ఎక్కడిది? ఒక్క మాట అడిగి ఉంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

వాడు తన చావు సంగతి పత్రికలో తనే చదువుకున్నాడు. "చూశావా అక్కా, చచ్చాక గానీ బాగా రాయలేకపోయాను. ఇంక రాసి ఏం లాభం?" అన్నాడు. వాడి చేత మళ్లీ కలం పట్టించాలని ఇంత చేస్తే, ఉన్న ఆశ కూడా పోగొట్టారు. ఆ పెండర్ వస్తే నేనేం చూపించను? నిజం తెలిస్తే దొంగ చావుతో పుస్తకం అమ్ముకున్నారని మనందరినీ వీధిలో పెడతాడు.

ప్రూడెన్స్

తా.క. ఆ జుట్టుపాయ వెనక్కి పంపండి. మెడ వెనక బోసిగా కనిపిస్తోందని వాడు అద్దం ముందు నుంచి కదలడం లేదు.

*

లండన్, మే

అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను,

ఎవరికీ చెప్పకండి. ఆయన్ని ఏ బంధువుల ఇంటికైనా పంపేయండి. రెండో ముద్రణ అయ్యేదాకా దయచేసి చనిపోయి ఉండమనండి.

వణుకుతూ,
హార్బటిల్

తా.క. ఈలోగా ఆయన ఏమైనా రాసినా పరవాలేదు. సొరుగులో దొరికాయని చెబుదాం.

*

స్కిప్టన్, జూలై

హార్బటిల్ గారికి,

మీ ఉత్తరం కంటే ముందే పెండర్ దిగబడ్డాడు. చర్చి వెనక్కి తీసుకెళ్లి, పేరు చెరిగిపోయిన ఒక పాత రాయి చూపించాను. ఆయన మోకాళ్ల మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గోడ వెనక నక్కి చూస్తున్న ఎనాక్ ఆ ఏడుపు తట్టుకోలేక బయటికి వచ్చేశాడు. "అయ్యా, ఊరుకోండి. నేను బతికే ఉన్నాను. ఈ రాయి ఎవరిదో నాకూ తెలీదు" అన్నాడు.

పెండర్ వాణ్ణి కావలించుకుని "హమ్మయ్య, నేను హంతకుణ్ణి కాను!" అని గంతులేశాడు. మా ఇంట్లోనే భోంచేశాడు. చేయి కడుక్కుని, జేబులోంచి మన పుస్తకం తీసి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ మొహం ముడుచుకుపోయింది. "గార్‌సైడ్ గారూ, మీరు బతికున్నారు గనక నిజం చెప్పొచ్చు" అంటూ పెన్సిల్ తీశాడు.

మొన్న వచ్చిన ఆయన వ్యాసం మీరూ చూసే ఉంటారు. ఈసారి గొర్రెలు కాయడానికి కూడా పనికిరాడని రాశాడు. అది చదివి ఎనాక్ గిన్నె విసిరికొట్టి, గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకున్నాడు. ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని తలుపుకు చెవి ఆనించాను. లోపల కలం బరబరా గీస్తున్న చప్పుడు! "ఎవడికిరా గొర్రెలు కాయడం రానిది?" అని అరుస్తూ రాస్తున్నాడు. ఐదేళ్ల తర్వాత ఆ చప్పుడు విన్నానండీ. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

ఇట్లు,
ప్రూడెన్స్

తా.క. కొత్త పుస్తకం పెండర్ గారికే అంకితమిస్తాడట. అందులో తిట్లన్నీ ఆయనకే కనక అంకితం కూడా ఆయనకే దక్కడం న్యాయమంటున్నాడు.