వాగు అవతలికి తిట్లు

నిర్మల్ దగ్గరి నుండి,
శ్రావణం, ముసురు పట్టిన ఆదివారం.

అక్కకు,

నీ కాళ్ళకు మొక్కి చెల్లె విమల రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? చొప్పదండిలో నాట్లు అయిపోయి ఉంటాయి. ఈసారి మామిడి తొక్కు పంపుతానని రాశావు, వద్దులే. ఒక్కదాన్ని ఎంత తింటాను?

ఇక్కడ పది రోజులుగా ఎండ లేదు. ముసురు పడితే గుట్టలు కనిపించవు. గాలి బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంటుంది. పొద్దున లేచి తలుపు తీస్తే నేనింకా లేవలేదేమో, కలలోనే తలుపు తీశానేమో అనిపిస్తుంది. జొన్న రొట్టె చేయడం మాత్రం వచ్చింది. గుండ్రంగా రాదు కానీ విరగడం లేదు. బడికి పోయి, కాబోయే టీచర్లకు పిల్లల మనసు గురించి పాఠం చెప్పి, తడిసిన గొడుగు మూలన పెట్టి పడుకుంటాను. ఫికరు చేయకు, బాగానే ఉన్నాను.

మొన్నటి గురువారం జరిగింది నీకు చెప్పాలి. మూడు రోజులుగా ఎవరికి చెప్పాలో తెలియక నాలోనే తిప్పుకుంటున్నాను.

నేను అద్దెకుండే ఇంటి ఆమె మార్తవ్వ అని రాశాను కదా. మిషను గుడికి పోయే కుటుంబం, నాట్లకు, కోతలకు పోయి బతుకుతారు. ఆమె కోడలు రూతుకు ఏడు నెలల ఆడపిల్ల. ఆ పొద్దున బిడ్డను అత్తకు అప్పజెప్పి, ఇంకో ఐదుగురితో కలిసి రూతు వాగు అవతలికి నాటుకు పోయింది. ఆ పొలం వాగు రెండు పాయలుగా చీలిన చోట, నడుమన ఉంటుంది. ఊళ్ళో చినుకులే పడుతున్నాయి. పైన గుట్టల్లో ఎంత కురిసిందో, వాగు ఒక్కసారిగా వచ్చింది. పొలం మునిగింది. ఆరుగురూ పొలం పక్కన ఉన్న దిబ్బ ఎక్కారు.

వానకు బడి లేదు కాబట్టి నేనూ ఒడ్డుకు పోయాను. మసకలో ఆ దిబ్బ, దాని మీద తడిసిన కొంగల్లాగా ఆరుగురు ఆడవాళ్ళు. ఎర్రనీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నట్టే ఉన్నాయి. చాలాసేపటికి గానీ ఆ చప్పుడే నా చెవుల నిండా ఉందని తెలియలేదు. గోదావరి దగ్గరి బెస్తవాళ్ళ పడవను లారీ మీద తెస్తున్నారని, దారి కోసుకుపోయిందని, అది వచ్చేసరికి పొద్దు వాలుతుందని కబురు వచ్చింది. దిబ్బ మునగదని పెద్దవాళ్ళు అన్నారు. ఆగితే చాలు, బతుకుతారు. కానీ రూతు ఆగేటట్టు లేదు. బిడ్డకు పాల వేళ దాటింది. దిబ్బ అంచుకు వచ్చి కాలు పెట్టి లోతు చూస్తున్నది. మిగతావాళ్ళు కొంగు పట్టి గుంజుతున్నారు.

పాస్టరయ్య గుడిలోని చేతి మైకు తెచ్చి నాకిచ్చాడు. "మీరు సదువుకున్నోల్లు, మనసు గురించి చెప్తరు. మీరే మాట్లాడున్రి" అన్నాడు.

నేను మాట్లాడాను అక్కా. హైదరాబాదులో చదివిన చదువంతా గొంతులోకి తెచ్చుకున్నాను. "రూతమ్మా, భయపడకు తల్లీ. నీ బిడ్డ క్షేమంగా ఉంది. మేమందరం నీతోనే ఉన్నాం. నువ్వు చాలా ధైర్యవంతురాలివి బంగారూ" అన్నాను. ఎంత మెత్తగా అన్నానో.

అవతల కొంగు పట్టినవాళ్ళు ఇటు తిరిగారు. తర్వాత రూతు గొంతు నీళ్ళ మీదుగా ఆలస్యంగా వచ్చింది. "నా బిడ్డకేమైంది? నిజం చెప్పున్రి, నా బిడ్డకేమైంది?" ఈసారి మోకాళ్ళ దాకా దిగింది.

మార్తవ్వ బిడ్డను నా చేతుల్లో కుక్కి మైకు గుంజుకుంది. "నువ్వాగు టీచరమ్మా. సచ్చేటోల్లతోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్."

ఆ తర్వాత మైకులో వినిపించింది ఇది.

"ఓ రూతూ, కారం డబ్బా యాడ వెట్టినవే? ఇల్లంత ఎతికిన. పొద్దుగాల బువ్వకుండకు మూతెయ్యకుండ పోయినవ్, కోడి మూతి వెట్టింది. గా బువ్వ ఎవరు తినాలె, మీ అవ్వగారోల్లా?"

ఒడ్డున అందరం మార్తవ్వ వైపు తిరిగాం. రూతు నీళ్ళలో నిలబడిపోయింది.

"ఉట్టి మీదనే ఉన్నది. నీకు కండ్లు కనవడకపోతే నేనేం జెయ్యాలె?"

"ఉట్టి మీద లేదు. నీ బిడ్డ గంజి తాగి నా రెండు చీరలు ఖరాబు జేసింది. నేను ముట్ట. నువ్వొచ్చి ఉతుకు."

"ఉతుకుత తియ్యి. ఆడనే పడెయ్యి."

"ఎప్పుడుతుకుతవే, గా నీళ్ళల్ల నిలవడి? ఎనుకకు వోయి కూసో."

రూతు వెనక్కు పోయింది. కూర్చుంది. గొణుక్కుంటూ కూర్చుందని ఇవతలికి కూడా తెలుస్తున్నది.

ఇక ఒడ్డున మైకు కోసం వరస కట్టారు. ఒకాయన బర్రె పలుపు ఎక్కడ పెట్టావని పెండ్లాన్ని అరిచాడు. ఒక అత్త, పోయిన పండుగకు కోడలు పెట్టిన చీర రంగు పోయిందని ఇప్పుడు అడిగింది. అవతలి నుంచి జవాబులు వచ్చాయి, తిట్లు వచ్చాయి, ముసురులో తడిసి, మెల్లగా. ఐదుగురికి ఐదు కొంపల తగాదాలు. ఆరో ఆమె ఎల్లవ్వ. ఆమెకు ఒక బర్రె తప్ప ఈ ఒడ్డున ఎవరూ లేరు. తల మీద గోనెసంచి కప్పుకుని అటు తిరిగి కూర్చున్నది. నాకు పాలు పోసేది ఆమెనే.

నేను మళ్ళీ మైకు తీసుకున్నాను. పెళ్ళయి హైదరాబాదు పోయినప్పటి నుంచి నోట రాని మన ఊరి మాట ఎక్కడి నుంచో వచ్చింది. "ఎల్లవ్వా, నిన్న నువ్వు వోసినయ్ పాలా, నీళ్ళా? శాయి వెట్టుకుంటే కడుగునీళ్ళ లెక్కున్నది."

ఆ గోనెసంచి ఇటు తిరిగింది.

"నీళ్ళు గావాల్నంటే గిట్ల రా టీచరమ్మా. గీడ మస్తున్నయ్."

రెండు ఒడ్డుల మీదా నవ్వారు అక్కా. నీళ్ళ మీద నవ్వు పోవడం ఎప్పుడైనా విన్నావా? నేను విన్నాను.

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. ఆరుగురూ దిగారు. మార్తవ్వ కోడలితో ఒక్క మంచి మాట అనలేదు. బిడ్డను ఆమె చేతుల్లో పడేసి ముందు నడిచింది. ఇంటికి పోయాక చూస్తే కారం డబ్బా ఉట్టి మీదనే ఉంది. అడిగితే మార్తవ్వ పొయ్యి ఊదుతూ అన్నది: "మాట పడ్డోల్లు జవాబు జెప్పేదాక సావరు బిడ్డా. పోయెటోల్లనే మనం తియ్యగ మాట్లాడి సాగనంపుతం."

రూతును ఆపింది తిట్లేనా, మిగతావాళ్ళు పట్టుకున్న కొంగా, నాకు సందేహమే. నా చదువులో ఇది లేదు. రేపు పాఠంలో చెప్పాలా వద్దా, అదీ తేలడం లేదు.

కానీ ఆ రోజు నుంచి నీ ఉత్తరాలు తీసి చదువుతున్నాను. వెనకటికి పాలు పొంగుతుంటే పుస్తకం పట్టుకు కూర్చున్నానని నెత్తి మీద మొట్టిన దానివి. ఆయన పోయినప్పటి నుంచి, ఈ రెండేళ్ళలో, ఒక్క ఉత్తరంలో నన్ను ఒక్క మాట అనలేదు. "బంగారు తల్లీ, ఎట్లున్నవో" అనే రాస్తావు. చదివినప్పుడల్లా మంచం పక్కన ఎవరో గొంతు తగ్గించుకుని కూర్చున్నట్టుంటుంది. నేనూ అట్లాగే రాస్తాను. నా గురించి దిగులు వద్దు, నేను బాగానే ఉన్నాను.

చూశావా, ఒక్క ఉత్తరంలో మూడుసార్లు రాశాను.

బావకు నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పెద్దమ్మను అడిగానని చెప్పు. దీవెనలు ఇప్పటిదాకా చాలా పంపావు, అవి ఉన్నాయి. ఈసారి తొక్కు పంపకు. రెండేళ్ళాయె ఇంటి మొహం చూడక, నీ తొక్కు జాడీల బూజు వడుతున్నది, నీకు సిగ్గున్నదా అని రాయి. నీ చేతి రాతతో, గట్టిగా. జవాబు చెప్పడానికి నేనే వస్తాను.

నీ తిట్టు కోసం చూసే చెల్లె,
విమల