అక్క బ్రష్షు, బోరు నీళ్లు

అక్కా,

నీకు అంతా తెలుసా? నువ్వు పోయి మూడేళ్లు దాటింది. ఈ ఒక్క మాట అడగాలని అప్పటి నుంచీ ఉంది...

పోయిన నెల బావకు బదిలీ అయింది. మౌలాలి క్వార్టరు ఖాళీ చేస్తూ, చివరి నాలుగు నెలలూ నువ్వున్న మా ఇంటికొచ్చి నీ చీరల పెట్టె తీసుకెళ్లాడు. బ్రష్షు మాత్రం ముట్టుకోలేదు. దువ్వెన గుచ్చుకుంటోందని నువ్వంటే ఉప్పల్‌లో కొన్నానే, ఆ నల్ల పిడి బ్రష్షు.

క్యాన్సర్ మందు ఎక్కిస్తే జుట్టు ఊడుతుందని డాక్టరు బావకూ నాకూ మాత్రమే చెప్పాడు. జబ్బు సంగతి నీకు చెప్పొద్దని బావ బతిమాలాడు. సరేనన్నాను. రోజూ నువ్వు లేవకముందే బ్రష్షులో చిక్కిన వెంట్రుకలన్నీ లాగి పారేసేదాన్ని. మరీ శుభ్రంగా చేశానేమో... ఒకరోజు చేతిలో తిప్పి చూసి నవ్వావు.

"ఏందే, గీ బ్రష్షు యాదగిరిగుట్టకు పోయి గుండు జేయించుకొచ్చిందా?"

దాచడం ఇక కుదరదని, నేరం మా నాచారం బోరు నీళ్ల మీదికి నెట్టాను. ఫ్యాక్టరీల పక్కన నీళ్లు కదా, అందరికీ రాలుతోందన్నాను. కెమిస్ట్రీ చదివినదాన్ని, నమ్మించడానికి నాలుగు పెద్ద మాటలు కూడా కలిపాను.

"అయితే మంజీర నీళ్లు దెచ్చి పొయ్యి. మస్తు పెరుగుతది సూడు" అన్నావు.

మంజీర నీళ్లొచ్చే పై వీధి నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డాను. తెచ్చి పోస్తుంటే తల వంచి పోయించుకున్నావు. నమ్మావా? నన్ను చూసి జాలిపడ్డావా?

నువ్వు పోయాక పరుపు ఎత్తితే బిస్కెట్ల కవరు దొరికింది. నిండా నీ వెంట్రుకలే, ఉండలు చుట్టి. దిండు మీద రాలినవి నా కంట పడకుండా నువ్వూ ఏరి దాచావా? లేక ఎప్పటిలా వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆమె కోసమా?

"పారేస్తే ఏమొస్తదే? దాస్తే చెంబొస్తది" అనేదానివి.

ఆమె ఇప్పటికీ శుక్రవారాలు మా సందులోకి వస్తుంది. "ఎంట్రుకలకు గిన్నెలమ్మా..." అని కేక వినబడగానే చేతిలో పని వదిలేస్తాను. కవరు తీస్తాను, గేటు దాకా వెళ్తాను, తిరిగొస్తాను. ఇవాళ ఆమే ఆగి అడిగింది, "ఏందమ్మా, ఎప్పుడు జూసినా గేటు కాడికొచ్చి మర్లిపోతవ్? ఇస్తవా, ఇయ్యవా?" అని.

చెంబు కోసం దాచిందైతే ఇచ్చేయాలి. నా కోసం దాచిందైతే ఎలా ఇవ్వను?

నీకు తెలిసే ఉంటే, ఆ నాలుగు నెలలూ భయమేస్తోందని నాతో అనే దారి నేనే మూసేశాను. తెలియకపోతే, నీకు చెప్పాల్సింది చెప్పకుండానే నిన్ను పంపించాను. రెండింట్లో ఏది చిన్న తప్పో నాకు తేలడం లేదక్కా.

కవరు మళ్లీ బ్రష్షు పక్కనే పెట్టాను.

నీ చెల్లి,
సుజాత