బందరు గురించి ఒక్క వాక్యం

శుక్రవారం, తార్నాక

నా పీహెచ్‌డీ వైవా గట్టెక్కింది. రేవు పూడిపోయినంక బందరు చచ్చిపోయిందని థీసిస్‌ల రాసిన. పరీక్ష చెయ్యడానికొచ్చిన మేడమ్‌ది బందరేనని క్యాంపస్‌కు పోయినంకనే తెలిసింది.

“ఉప్పెనలో మా నాయనమ్మ ఇల్లు కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక బురదలో అచ్చులు ఏరుకుని, మళ్లీ కలంకారీ అద్దకం మొదలుపెట్టింది. అది చచ్చిన ఊరేనా అమ్మా?” అని అడిగింది మేడమ్.

“కాదు మేడమ్. నేను ఓడల రికార్డులే చూసిన, మనుషుల్ని చూడలే” అన్న.

ఆమె నవ్వింది. ఆ ఒక్క వాక్యం మార్చమని చెప్పి సంతకం పెట్టింది. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, మెట్ల మీదనే కూసొని ఏడ్చిన.

ఆరేండ్లు ఆ ఊరి గురించి గీడ కూసొనే రాసిన. బందరు ఎప్పుడన్న చూసినవా అని మేడమ్ అడిగితే ఏం చెప్తుంటినో! అడగలే, బతికిపోయిన. కొత్త వాక్యం మాత్రం ఆ ఊరికి పోయి చూసినంకనే రాస్త.